చెన్సా ఇంటి కింది బావి

చెన్సా పోయిందని రీటా ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఆసుపత్రి కార్ పార్కులో, కారులోనే కూర్చుని ఉన్నాను. డ్యూటీ అయిపోయి చాలాసేపయింది గానీ బండి తీసే ఓపిక లేదు. ఆ ఏడాది నాకు తరచూ అలాగే అయ్యేది. డబ్లిన్ నుంచి మేముండే నేవన్ దాకా డ్రైవ్ చేసుకుంటూ పోవాలి, దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపితే ఆసుపత్రి కార్డు తీసి చూపించాలి, ఇంటికి చేరాక గరాజులోనే బట్టలు మార్చుకుని, తలస్నానం చేసి, అప్పుడు గానీ అమ్మ గదిలోకి వెళ్ళడానికి లేదు. ఇదంతా తలుచుకుంటేనే కాళ్ళు పీకేవి. రీటా ఏడవలేదు. వాళ్ళమ్మను మాల్టాలో ఆసుపత్రిలో చేర్చాక మళ్ళీ కళ్ళ చూడనివ్వలేదని, పెట్టె మూసేసే ఇచ్చారని, ఊరంతా తెలిసిన మనిషికి చర్చిలో పట్టుమని పదిమంది కూడా లేరని, ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. చివర్న, మీ అమ్మకి నువ్వే చెప్పు, నా వల్ల కాదు అంది. సరేనన్నాను. సరేనని, వారాల తరబడి ఆ మాట అమ్మకి చెప్పకుండా తిరిగాను.

అమ్మకి ఎనభై దాటాయి. కరోనా వచ్చాక ఈ దేశంలో పెద్దవాళ్ళెవరూ గడప దాటొద్దన్నారు. దానికి పట్టుపురుగు గూడు పేరు పెట్టి కకూనింగ్ అన్నారు. మా అమ్మ ఆ గూట్లో, మేడ మీద కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, అచ్చం మా ఇంటిలాగే ఉన్న ఎదురింటినీ, దాని మీద పడే వాననీ చూస్తూ ఉండేది. వారమంతటికీ ఆమె ఎదురుచూసేది ఒక్కటే, ఆదివారం మధ్యాహ్నం చెన్సాతో ఫోను. ఇద్దరికీ కలిసిన భాష లేదు. అమ్మ తెలుగులో అడిగేది, ఆవిడ మాల్టా భాషలో చెప్పేది. మోకాళ్ళు, వంట, వాన, పిల్లలు చెప్పిన మాట వినకపోవడం, అన్నీ మాట్లాడుకునేవారు. నేను మధ్యలో దూరి అర్థం చెప్పబోతే ఇద్దరూ విసుక్కునేవారు. ఇప్పుడు ఆదివారాలు వస్తున్నాయి. ఒకసారి లైను బాగాలేదన్నాను, ఒకసారి ఆవిడ నిద్రపోతోందన్నాను, ఇంకోసారి ఒంట్లో నలతగా ఉందట అన్నాను. అమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చునేది.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, చావు కబురు చెప్పడం ఆ రోజుల్లో నా ఉద్యోగం. నేను ముసలివాళ్ళకు వైద్యం చేసే డాక్టర్ని. వార్డులోకి ఎవర్నీ రానివ్వరు కాబట్టి కొడుకులకీ కూతుళ్ళకీ ఫోనులో నేనే చెప్పాలి. ఎలా చెప్పాలో మాకు నేర్పారు కూడా. మాస్కులో నుంచి, ముక్కూ మొహం తెలియని మనుషులకు చెప్పి చెప్పి నాలిక అరిగిపోయింది. అలాంటిదాన్ని కన్నతల్లి దగ్గర నోరు మెదపలేకపోయాను. ఈ వయసులో ఆ మాట విని ఆవిడ తిండి మానేస్తే, మంచం పడితే ఏమిటి నా గతి అని భయం. డబ్లిన్ శివార్లలో సిటీవెస్ట్‌లో ఉండే మా అమ్మాయి వీడియో కాల్లో అంతా విని, “జస్ట్ టెల్ హర్, మామ్. షీల్ బీ గ్రాండ్,” అంది. ఈ దేశంలో పుట్టి పెరిగిన పిల్ల. దానికి అన్నీ గ్రాండే, అంటే అన్నీ బాగానే ఉంటాయి. దానికి చెన్సా ఎవరో తెలియదు. మాల్టా అంటే సెలవులకు పోయే ఎండ ఊరు అనుకుంటుంది.

మేం మాల్టా వెళ్ళేనాటికి నేను ఇంకా రెండు జడలు వేసుకునే పిల్లని. నాన్న విశాఖపట్నంలో ఓడల ఇంజనీరు. మధ్యధరా సముద్రం మధ్యలో ఓడల మరమ్మతు రేవు ఒకటుందని, అక్కడ కొన్నేళ్ళు పని చేయాలని కబురొచ్చింది. నాన్న గోడకున్న పటంలో ఇటలీ బూటు కింద ఈగ వాలినంత చుక్క చూపించి అదే దేశం అన్నాడు. అమ్మ అదీ ఇదీ అడగలేదు. “అక్కడ ఏ నది?” అంది. నది లేదన్నాడు నాన్న. వాగు? లేదు. చెరువు? లేదు. కొండలూ అడవులూ కూడా లేవు, ఉన్నదంతా రాయే అన్నాడు. నీళ్ళు లేని చోట మనుషులెలా బతుకుతారండీ అని అమ్మ ఆ రోజంతా నాన్న వెనకే తిరిగింది. సామానులో బట్టల కంటే ముందు ఇత్తడి బిందెలు సర్దింది.

నిజంగానే ఉన్నదంతా రాయే. మేమున్న ఊరు రేవులోకి చొచ్చుకుపోయిన సన్నటి రాతి నాలిక. వీధి మధ్యలో నిలబడితే ఇటు మెట్ల కింద సముద్రం, అటు మెట్ల కింద సముద్రం. బళ్ళో మా బల్లలు తప్ప ఇళ్ళు, చర్చి, కోటగోడలు అన్నీ ఒకే రాయి, పేరుకున్న నెయ్యి రంగు. ఆ దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి బస్సులో దాటడానికి పొట్లంలో వేరుశనగకాయలు అయిపోయేంత సేపు కూడా పట్టదు. పొద్దున్నే రొట్టెల బట్టీ వాసన, దాని వెనకే రేవు నుంచి తారు, తుప్పు వాసన, మధ్యాహ్నానికి కిటికీలన్నీ మూసుకున్న వీధిలో కిరసనాయిలు పొయ్యిల వాసన. వాటన్నిటి మధ్యా మా వంటింట్లోంచి ఇంగువ. వీధిలో వాళ్ళు మొదట్లో ఆగి ముక్కులు ఎగబీల్చేవారు.

మేం పైవాటాలో ఉండేవాళ్ళం. కింద ఇంటావిడ చెన్సా, ఆమె కూతురు రీటా. రీటా నా ఈడుదే. చెన్సా భర్త పోయి కొన్నేళ్ళయింది. ఎప్పుడూ నల్లబట్టలే. ఆమె నీళ్ళు వాడే తీరు చూసి మా అమ్మ దిమ్మెరపోయింది. కూరలు కడిగిన నీళ్ళతో మెట్లు తుడిచేది, మెట్లు తుడిచిన నీళ్ళు పూలకుండీల్లో పోసేది. కుళాయి ఉంది గానీ అందులో వచ్చేది ఉప్పునీళ్ళు, అదీ వాళ్ళ ఇష్టం వచ్చినప్పుడు. ఆ నీళ్ళతో టీ పెడితే విరిగిపోయేది. తాగడానికీ వంటకీ ఇంటి కింద బావే దిక్కు. అది ఊట బావి కాదు. రాతిని గంట ఆకారంలో తొలిచి చేసిన పెద్ద గది. డాబా మీద పడిన వాన గోడలోని రాతి గొట్టం గుండా అందులోకి దిగుతుంది. శీతాకాలమంతా పట్టిన నీళ్ళు ఎండాకాలమంతా తాగాలి. అక్కడ ప్రతి ఇంటి కిందా అలాంటిదే ఉంటుంది. మనిషి చేతులు తొలిచి పెట్టుకున్న ఆ బావులే ఆ దేశానికి నదులు.

మాకు ఆ దేశం చరిత్ర బళ్ళో సిస్టర్లు చెప్పారు గానీ నాకు గుర్తున్నది చెన్సా చెప్పిందే. ఆమె భాష నాకు రీటాతో ఆడుతూనే వచ్చేసింది. సాయంత్రం గుమ్మంలో కూర్చుని చిక్కుడు గింజలు వలుస్తూ, తన ఇంట్లో అద్దెకున్నవాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పేది. అరబ్బులు మంచివాళ్ళు, రాళ్ళ మధ్య నీళ్ళు నిలపడం నేర్పి, పోతూ పోతూ తమ భాషలో మాటలు వదిలి వెళ్ళారు. శిలువ యోధులకు పొగరెక్కువ, కానీ గోడలు గట్టిగా కట్టారు. తురకలు దండెత్తి వచ్చినప్పుడు ఈ వీధిలోనే ఆడవాళ్ళు గోడ మీద నుంచి మరిగే నీళ్ళు పోశారని చెప్పేటప్పుడు నిన్నగాక మొన్న జరిగినట్టు రొప్పేది. ఫ్రెంచివాళ్ళు వచ్చినంతసేపు ఉండలేదు, ఉన్నన్నాళ్ళూ చర్చిల్లో వెండి ఎత్తుకుపోయారు. ఇంగ్లీషువాళ్ళు అందరికంటే ఎక్కువ కాలం ఉన్నారు. వాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. ఇంతా చెప్పి, మా అమ్మకేసి గడ్డం ఎగరేసి, ఇప్పుడు మీరు వచ్చారు అనేది. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వేది.

వేసవి చివర్లో, వానలకు ముందు, చెన్సా డాబా కడిగేది. బ్రష్షు పెట్టి మూలమూలా రుద్ది, సున్నం కొట్టి, ఆపైన ఎవర్నీ ఎక్కనిచ్చేది కాదు. చెప్పులు మెట్ల దగ్గరే. పావురం వాలితే చప్పట్లు కొట్టి తోలేది. మా అమ్మ ఇదంతా గమనించింది. గమనించి తనకు తెలిసిన దారిలో అర్థం చేసుకుంది. ఇది మడి అనుకుంది. ఈ ఇంటావిడ ఎంత నిష్ఠగలదో, డాబాను దేవుడి గదిలా పెట్టుకుందని నాన్నతో మెచ్చుకుంది. అంత శుభ్రమైన చోటు ఉండగా అమ్మ మాత్రం ఇంకెక్కడ నిమ్మకాయలు ఎండబెడుతుంది? ఆ దీవిలో నిమ్మకాయలు ఇంతింతలేసి కాస్తాయి. ఉప్పు, పసుపు, ఓడలో వచ్చిన కారం పట్టించి, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కాళ్ళు కడుక్కుని, మంచి పంచె మీద ముక్కలన్నీ పరిచి వచ్చింది. మడికి ఏ లోపమూ రానివ్వలేదు.

ఆ ఊరి పండగ రోజది. రేవులో పడవ పందేలు చూడ్డానికి అందరం మెట్ల మీద చేరాం. చూస్తుండగానే ఆకాశం నల్లబడి, ఉరిమి, కుండపోతగా వాన. జనం పరుగెత్తుతుంటే చెన్సా మాత్రం శిలువ గుర్తు వేసుకుని, తడుస్తూ, నవ్వుకుంటూ నడిచింది. ఏడాది నీళ్ళు మరి. ఇంటికి రాగానే గొట్టంలో నీళ్ళు దూకుతున్న చప్పుడు విని చేద వేసింది. పైకొచ్చిన నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. దోసిట్లో పట్టి తాగి, ఉక్కిరిబిక్కిరై దగ్గింది. మెట్ల మీద నిలబడి ఉన్న అమ్మకి అప్పుడు తెలిసింది, తన నిమ్మకాయలు ఎక్కడికి పోయాయో, ఆ డాబా ఎందుకు కడుగుతారో.

నాన్న కోటు తొడుక్కుని కిందికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాడు. ఖాళీ చేయమంటే చేస్తామన్నాడు. చెన్సా తలుపు వేసుకుంది. పరాయి దేశస్థులకు అక్కడ ఇల్లు దొరకడం గగనం. మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. ఇంటావిడ నోట్లో నీళ్ళు చెడగొట్టాను, ఏం పాపం చేశానే అని అమ్మ తలకొట్టుకుని, బిందెలు మళ్ళీ ట్రంకు పెట్టెలో సర్దింది. మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. చెన్సా. పావడా మోకాళ్ళ పైకి దోపి, భుజాన మోకు, చేతిలో రెండు బ్రష్షులు. ఒకటి అమ్మ చేతిలో పెట్టి, రమ్మని తల ఊపింది.

నాన్న, చుట్టుపక్కల మగవాళ్ళు కలిసి నీళ్ళు తోడి వీధిలో పోశారు. వీధంతా పసుపు నీళ్ళు పారాయి. ఆపైన చెన్సా నిచ్చెన దిగింది. వెనకాలే మా అమ్మ, చీర గోచీలా బిగించి, దేవుడా దేవుడా అనుకుంటూ. నేనూ రీటా బావి నోటి దగ్గర బోర్లా పడుకుని చూశాం. లాంతరు వెలుతురు, రెండు బ్రష్షుల చప్పుడు. కాసేపటికి బ్రష్షులు ఆగాయి. చెన్సా గొంతు వినిపించింది, నెమ్మదిగా, చాలాసేపు, మాటలు మాత్రం పైకి అందలేదు. అమ్మ నుంచి ఊఁ అన్న మాట తప్ప ఏమీ లేదు.

పైకొచ్చాక అమ్మ ఒళ్ళంతా సున్నపు బురద. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కారం మంటేమో అనుకున్నాను. సాయంత్రం నాకు జడ వేస్తూ, “కింద ఆవిడ తమ్ముడు పోయాడే. పసివాడు,” అంది. నాకు ఆశ్చర్యం వేసి, నీకెలా తెలుసమ్మా అన్నాను. చెప్పింది కదా అంది. తర్వాత రీటాని అడిగితే నిజమేనంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దీవి మీద రాత్రీ పగలూ బాంబులు పడుతుంటే, వాళ్ళు బావి గోడకు కన్నం కొట్టి, పక్కన రాతిలో చిన్న గది తొలుచుకుని దాక్కున్నారట. బయట తిండి లేదు, లోపల గాలి లేదు. చెన్సా తమ్ముడు జ్వరం వచ్చి ఆ గదిలోనే పోయాడు. ఆ కన్నం రాళ్ళతో మూసేసి ఉంటుంది. ఏటా బావి కడిగినప్పుడు చెన్సా దాని మీద చెయ్యి పెట్టి వస్తుంది. రీటాకి కూడా వినడమే గానీ, ఆ చోటు ఎప్పుడూ చూపించలేదట.

ఆ సాయంత్రమే వీధిలో వాళ్ళు తలో బకెట్టు నీళ్ళు తెచ్చి బావిలో పోశారు. వాళ్ళకేమైనా మిగులు ఉండి కాదు. బావిని ఖాళీగా ఉంచకూడదట, అంతే. అంతకుముందు ఇంగువ వాసనకి ముక్కు ఎగబీల్చిన ముసలాయన కూడా తెచ్చాడు. ఖాళీ చేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు మా మెట్ల మలుపులో ఎండ పడే కిటికీ గట్టు ఒకటి చెన్సాయే చూపించి, నిమ్మకాయలు అక్కడ పెట్టుకోమంది. ఆ ఊరగాయ ఊరాక రొట్టె మీద రాసుకుని తింటూ, ముక్కు కారుతుంటే తుడుచుకుంటూ, ఇంకా పెట్టమనేది. మేం విశాఖపట్నం వచ్చేశాక కూడా ఏటా ఓ సీసా ఆమెకి చేరవలసిందే. నాన్న పోయి అమ్మ నా దగ్గరికి నేవన్ వచ్చాకా అది ఆగలేదు. ఇక్కడ ఎండ ఏదీ, అమ్మ ముక్కల్ని బాయిలర్ ఉన్న ప్రెస్‌లో, అంటే తువ్వాళ్ళు పెట్టుకునే అలమరలో, పెట్టి ఎండబెట్టేది. నా తువ్వాళ్ళన్నీ నిమ్మకాయ వాసనే.

చెన్సా కబురు చెప్పిన కొన్నాళ్ళకు రీటా మళ్ళీ ఫోన్ చేసింది. ఇల్లు అమ్మేస్తోంది, కొన్నవాళ్ళు పడగొట్టి ఫ్లాట్లు కడతారట. ఇప్పుడక్కడ సముద్రం నీళ్ళనే మంచినీళ్ళు చేసి కుళాయిల్లో వదులుతున్నారు, బావితో పనేముంది, రాళ్ళూ రప్పలూ పోసి పూడ్చేస్తారు అంది. మంచిదే, ఆ బాధ ఎవరు పడతారు అన్నాను. అన్నానే గానీ ఆ రోజంతా మనసు బాగోలేదు. ఇక్కడ ఆకాశం చిల్లులు పడ్డట్టు ఏడాది పొడుగునా వాన, పట్టుకునేవారే లేరు. ఎదురింటావిడ భర్త పోతే, కిటికీలోంచి చెయ్యి ఊపడం తప్ప మేం ఏమీ చేయలేకపోయాం. శవాన్ని తీసుకెళ్ళే బండి మా ఇళ్ళ ఎస్టేట్ రోడ్డు మీద వెళుతుంటే అందరం ఎవరి గేటు దగ్గర వాళ్ళం, దూరదూరంగా నిలబడ్డాం. తప్పు ఎవరిదీ కాదు. జబ్బు అలాంటిది. కానీ ఒక ఇంటి నీళ్ళు చెడితే వీధంతా బకెట్లు మోసిన చోట పెరిగినదాన్ని. నాకు ఇది మింగుడు పడలేదు. అలసట అనేది పని వల్ల రాదని అప్పుడే తెలిసింది. ఎవరి దుఃఖం వాళ్ళే మోసుకోవాలన్న దేశంలో, ఆ దుఃఖాన్ని ఇంటింటికీ ఫోనులో పంచిపెట్టి రావడం వల్ల వస్తుంది.

ఇక లాభం లేదని ఒక ఆదివారం అమ్మ గదిలోకి వెళ్ళాను. ఫోను ఒళ్ళో ఉంది. నేను కుర్చీ లాక్కుని, నా కళ్ళు ఆమె కళ్ళకు సమంగా వచ్చేలా కూర్చున్నాను. “అమ్మా, చెన్సా గారి గురించి నీతో ఒక విషయం మాట్లాడాలి. అది మంచి వార్త కాదు,” అని, కాస్త ఆగాను. ఆమె తల ఊపింది. ఆవిడకి కరోనా వచ్చిందని, ఆసుపత్రిలో చేయగలిగినదంతా చేశారని, బాధ లేకుండా ప్రశాంతంగా వెళ్ళిపోయారని చెప్పాను. గొంతు ఎక్కడా వణకలేదు. మళ్ళీ ఆగాను, నీకేమైనా అడగాలని ఉంటే అడుగు అన్నాను. బయట వాన పడుతోంది.

అమ్మ ఏడవలేదు. కింద పడిపోలేదు. నాకేసి, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

“ఎవరితో మాటాడతన్నావే?” అంది.

నేను కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరిపాను.

“రోజూ అందరికీ ఇలాగే చెప్తావేటి?”

“అవునమ్మా.”

అమ్మ ఫోను తీసి పక్కన పెట్టింది. చెయ్యి చాచి నా మోకాలు మీద వేసింది.

“నాకలా చెప్పకు పాపా. మళ్ళీ చెప్పు.”

నోరు తెరిచాను. ఇన్నాళ్ళూ నేర్చిన మాటల్లో ఒక్కటీ రాలేదు. అమ్మ తొందరపెట్టలేదు, చెయ్యి తీయలేదు.

“చెన్సా చచ్చిపోయిందమ్మా,” అన్నాను. ఏడాదిగా ఎవరి కోసమూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.